పిన్నుల్లేని ముడి

మా మేడం పోయారన్న కబురు నాకు జైనూరులో అందింది. ఆ రోజు అక్కడ సంత. బస్టాండు పక్కన వేసిన షామియానా కింద కూర్చొని, మొగుడు వదిలేస్తే భరణం ఎట్లా అడగాలో ఆడవాళ్ళకు చెబుతున్నాను. ఫోన్ మోగుతోంది, నేను కట్ చేస్తున్నాను, అది మళ్ళీ మోగుతోంది. చూస్తే కరీంనగర్ నుంచి మేడం గుమాస్తా. ఒకసారి ఎత్తకపోతే సాయంత్రం దాకా మళ్ళీ చేయని మనిషి. లేచి పక్కకు వచ్చాను.

"చిన్నమేడం, పెద్దమేడం ఇగ లేదు" అన్నాడు. "పొద్దుగాల చాయ్ తాగింది. పేపర్ పట్టుకొని కూసుంది. కూసున్న కుర్సీలనే పాణం పోయింది. మూడు గంటలకు లేపుతరట. జర జల్ది రాండ్రి."

"తానం పోసిండ్రా?" అని అడిగాను.

"ఇంకా పోయలే. పెద్దమ్మ నీళ్ళు కాగబెట్టుమన్నది."

"నేను వచ్చేదాక ఆపమను అన్నా. దండం పెడ్త, ఆపమను."

"నేను చెప్తే ఆమె ఇంటదా?" అన్నాడు. అదీ నిజమే. మేడం అక్క ఎవరి మాటా వినదు.

చావు కబురు వినగానే ఏడవాల్సింది పోయి స్నానం సంగతి అడిగిందేమిటని మీకు అనిపించవచ్చు. ఏడుపు తర్వాత వచ్చింది. కారులో, కెరమెరి ఘాటు మలుపుల్లో, డ్రైవరు అద్దంలోంచి చూస్తున్నా ఆగకుండా వచ్చింది. కానీ ముందు గుర్తొచ్చింది స్నానమే. ఎందుకంటే ఇన్నేళ్ళలో మేడం నా దగ్గర తీసుకున్న మాట ఒక్కటే. "నేను పోయిననాడు తానం పోసినంక నా ముడి నువ్వే పెట్టాలె బిడ్డా. నేను ఎంటికెలు ఇరబోసుకొని ఎన్నడన్న ఇల్లు దాటిన్నా? ఆనాడు సుత దాటను" అన్నారు. నేను సరేనన్నాను. కోర్టులో అయితే ఏదో ఒకటి చెప్పి ఇంకో తారీఖు అడుక్కోవచ్చు. ఈ మాటకు ఇంకో తారీఖు లేదు.

మేడం కరీంనగర్‌లో వకీలు. మా దిక్కు నల్లకోటు వేసుకున్న ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కకు వచ్చే రోజుల్లోనే ప్రాక్టీసు మొదలుపెట్టారట. నేను జూనియర్‌గా చేరేనాటికి ఆమె తల సగం నెరిసింది. మెడ కుదురు మీద, కోటు కాలరుకు అంటీ అంటకుండా గుండ్రటి ముడి. పొద్దున కోర్టు మెట్లు ఎక్కేటప్పుడు ఎట్లా ఉండేదో సాయంత్రం దిగేటప్పుడూ అట్లాగే ఉండేది. గరగరమనే ఫ్యాను కింద నిలబడి వాదించినా, ఎండలో బస్సు దిగి ఉరుకుతూ వచ్చినా ఒక్క వెంట్రుక పక్కకు జరగదు. ఎదుటి పక్షం తరఫున వచ్చే ముసలి వకీలు ఒకాయన, "మేడం కేసు ఓడుతదేమోగని ముడి ఓడదు" అని నవ్వేవాడు.

నాకేమో మోకాళ్ళ దాకా జడ. మంథనిలో మా వాడకట్టులో ఆ జడకు నాకంటే ఎక్కువ పేరు. ఆదివారం వస్తే చాలు, మా అవ్వ కుంకుడుకాయలు కొట్టి నన్ను పీట మీద కూర్చోబెట్టేది. "వెంట్రుకలున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే" అని వచ్చేపోయే వాళ్ళందరికీ వినబడేటట్టు అనేది. మా బాపు గడప మీద కూర్చొని, "ఎంటికెలు పెరిగినంత జల్ది తెలివి పెరిగితే ఈపాటికి జడ్జి అవుతుండె" అనేవాడు. ఆ జడతోనే నేను కోర్టుకు వెళ్ళాను. నల్లకోటు, తెల్ల బ్యాండు, పైన గౌను, వెనకాల ఊగుతూ జడ. జుట్టు ఇట్లా ఉండాలని ఏ రూలులోనూ లేదు. అయినా నేను నడుస్తుంటే వరండాలో తలలన్నీ తిరిగేవి. అది మెచ్చుకోలు అనుకునేంత అమాయకత్వం అప్పుడు నాకు ఉండేది.

ఒక రోజు ఒక ముసలవ్వతో అఫిడవిట్ మీద వేలిముద్ర వేయించాలి. బెంచి క్లర్కు బల్ల మీద స్టాంపు ప్యాడు తెరిచి ఉంది. నేను వంగి అవ్వ బొటనవేలు పట్టుకున్నాను. నా జడ భుజం మీంచి జారి, కొస పోయి సరిగ్గా ఆ ప్యాడులో పడింది. నాకు తెలియనే తెలియదు. లేచి తిరిగేసరికి అది అఫిడవిట్ మీద అడ్డంగా ఒక గీత గీసి, క్లర్కు తెల్ల చొక్కా మీద ఇంకో గీత గీసి, నా వెంట వచ్చింది. కాగితం పైకి పోయింది. జడ్జిగారు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఈ ముద్ర ఎవరిది?" అని అడిగారు.

ముసలవ్వ పాపం వణికిపోయింది. "నాది కాదు దొరా! నాది గీ పక్కకున్నది. గంత పెద్ద ఏలు నాకెక్కడిది?" అన్నది.

హాలంతా గొల్లుమంది. జడ్జిగారు మాత్రం నవ్వలేదు. "వకీలు జుట్టు వకీలు పద్ధతిలో ఉండాలమ్మా" అని, అఫిడవిట్ మళ్ళీ రాయించి తెమ్మన్నారు. బయటికి వస్తే వరండాలో ఎవరో, "మేడం, కటింగ్ షాపు గేటు పక్కనే ఉన్నది" అన్నారు. ఎవరన్నారో తెలిస్తే ఆ రోజు నా మీదే ఒక కేసు పడేది.

సాయంత్రం ఛాంబరులో మేడంతో అన్నాను, "రేపు కోసుకుంట మేడం. భుజాల దాక కోసుకుంట. పీడ పోతది."

ఆమె ఫైల్లోంచి తల ఎత్తలేదు. "నీకు కోయాలనిపించిందా, వాళ్ళు నవ్విండ్రనా?"

నేను సిరా అంటిన జడ కొసను వేలికి చుట్టుకున్నాను.

"నీకు అనిపిస్తే రేపే కోయి, నేను సుత వెంబడి వస్త. వాళ్ళు నవ్విండ్రని మాత్రం కోయకు. ఇయ్యాల జుట్టంటరు. రేపు గొంతు పెద్దగున్నదంటరు. ఎల్లుండి అసలు నువ్వెందుకొచ్చినవంటరు. ఏదేది కోసుకుంట పోతవ్?" అన్నారు. తర్వాత గుమాస్తాను చాయ్ తెమ్మని పంపి, తలుపు దగ్గరగా వేసి, "ఇటు రా, కూసో" అని నన్ను క్లయింట్లు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టారు.

నా వకీలు చదువు అసలు ఆ రోజే మొదలైందంటాను. ముందు చేతులు కొంచెం తడి చేసుకోవాలి, పొడి జుట్టు జారుతుంది. అంతా వెనక్కి దువ్వి మెడ కుదురు దగ్గర పిడికిట పట్టుకోవాలి. నడినెత్తి మీద పెట్టుకుంటే బరువుకు తలనొప్పి వస్తుంది, పైగా గౌను వేసుకొని తీసే ప్రతిసారీ తగులుతుంది. పిడికిట్లోది తాడు పేనినట్టు మెలి తిప్పుతూ పోతే ఒక దగ్గర జుట్టు తనంతట తానే చుట్టుకోవడం మొదలుపెడుతుంది. అక్కడినుంచి దాని వెంబడే చెయ్యి పోవాలి. చుట్టూ తిప్పి తిప్పి, చివరి కొసను చుట్ల అడుగు నుంచి దూర్చి, నడిమధ్యలోంచి లాగి, మళ్ళీ లోపలికి తోసి బిగించాలి.

"పిన్నులేవి మేడం?" అని అడిగాను.

"పిన్నులెందుకు?"

"లేకపోతే ఎట్ల నిలుస్తది?"

"జుట్టే జుట్టును పట్టుకోవాలె. ముందుగాల పిన్నుల్లేకుంట నిలబెట్టుడు నేర్సుకో. అటెన్క పిన్నులే పెట్టుకుంటవో కిరీటమే పెట్టుకుంటవో నీ ఇష్టం."

నాకు అంత తొందరగా రాలేదు. వరండాలో ఊడింది, బస్సులో ఊడింది, ఒకసారి జడ్జిగారికి వంగి నమస్కారం పెడుతుంటే ఊడింది. చిరాకేసి ఏడ్చాను కూడా. మేడం మాత్రం ఊడినప్పుడల్లా, "పడ్డదా? మళ్ళ పెట్టు" అనేవారు. పిటిషన్ కొట్టేశారని మొహం వేలాడేసుకొని వచ్చినా అదే గొంతు, "కొట్టేసిండ్రా? మళ్ళ ఎయ్యి." చాయ్‌లో చక్కెర ఎక్కువైందని గుమాస్తాను కోప్పడే గొంతుకు, కేసు పోయిందని చెప్పే గొంతుకు ఆమె దగ్గర పెద్ద తేడా ఉండేది కాదు. చక్కెరకే కొంచెం ఎక్కువ.

మెల్లగా తెలిసింది, నేనొక్కదాన్నే కాదు. టైపిస్టులు, స్టెనోలు, కోర్టు డ్యూటీకి వచ్చే ఆడ కానిస్టేబుళ్ళు, అందరూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు కడుక్కున్నాక ఆ ఛాంబరులోకి వచ్చేవాళ్ళే. పలచటి జుట్టయితే ముడి మీద సన్నటి నల్ల వల వేయమనేవారు. ఉంగరాల జుట్టయితే ముందు జడ అల్లి, ఆ జడను చుట్టమనేవారు. సాక్షిని ప్రశ్నలడిగే రోజు మాత్రం ముడి మరీ బిగించవద్దనేవారు. "నెత్తి గుంజితే నోట్లెకెల్లి కోపమొస్తది. మనకు కోపమొస్తే సాక్షికి పండుగ" అనేవారు. పీత డెక్కల్లా ఉండే పెద్ద క్లిప్పులు వస్తాయి చూడండి, క్లచ్చర్లు, వాటిని ఆమె పక్కకు రానిచ్చేవారు కాదు. దానికీ ఒక కథ ఉంది. నిండు కోర్టులో తీర్పు చదువుతుండగా ఒక స్టెనో నెత్తి మీది క్లచ్చరు ఠప్పుమని పగిలి, ముక్క ఎగిరి ముద్దాయి ఒళ్ళో పడింది. తీర్పు పూర్తిగా వినకముందే వాడు "అయ్యో సార్!" అని లేచి నిలబడ్డాడు. అప్పటినుంచి ఆ క్లిప్పు పేరెత్తితే మేడం చెయ్యి అడ్డంగా ఊపేవారు.

ఇన్ని చెప్పినా నా బుద్ధి నాదే. పిన్నుల్లేని ముడి నాలుగు రోజులు నిలిచి ఐదో రోజు ఊడేసరికి విసుగొచ్చి, మళ్ళీ పిన్నులు కొన్నాను. చకచకా చుట్టి టకటకా గుచ్చితే అయిపోయేది. మేడం చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఒక రోజు నన్ను జైలుకు వెంటబెట్టుకొని పోయారు.

వకీలు పెట్టుకునే స్తోమత లేని ఆడ ఖైదీల కేసులు ఆమె తీసుకునేవారు. గేటు దగ్గర ఒక వార్డరమ్మ అందరినీ తడిమి చూస్తుంది. ఇనుప ముక్క ఏదీ లోపలికి పోకూడదు. మేడం వెనక్కి తిరిగి నిలబడ్డారు. వార్డరమ్మ ఆ ముడిని రెండు చేతులతో వత్తి చూసి, "పిన్నులేమన్న ఉన్నయా మేడం?" అని అడిగింది.

"ఒక్కటి లేదు. చూస్కో" అన్నారు మేడం.

నా వంతు వచ్చింది. వార్డరమ్మ ఒక్కొక్క పిన్నే పీకి పళ్ళెంలో వేస్తోంది. ఎంతకీ అయిపోవు. ఆఖరి పిన్ను తీసేసరికి జుట్టంతా భళ్ళున జారి మోకాళ్ళ దాకా పడింది. దాన్ని చుట్టబెట్టుకోవడానికి నా చేతులు కంగారులో పని చేయలేదు. అట్లాగే లోపలికి పోయాను. మా క్లయింటు అడవి పల్లెలనుంచి వచ్చిన ఒక పెద్దావిడ, గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. నన్ను కిందికీ మీదికీ చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో బిడ్డా, నువ్వు సుత గీడికే వచ్చినవా? ఏం చేసినవే?" అన్నది.

నేను నీ వకీలునమ్మా అని చెబితే ఆమె నమ్మలేదు. నా వైపు చూడడం మానేసి మేడం చెయ్యి పట్టుకొని తన బాధంతా చెప్పుకుంది. తిరిగి వస్తుంటే రిక్షాలో మేడం, "పొద్దుమాపు నాలుగు గోడలను చూసుకుంట కూసున్న మనిషి ఆమె. మనల చూసి జర ధైర్యం తెచ్చుకోవాలె గద. మనమే ఆగమాగం పోతే ఎట్ల?" అన్నారు. అంతే. తిట్టలేదు. అన్నాళ్ళూ నేను ఆ ముడిని జడ్జిగారికి భయపడి పెట్టుకుంటున్నాను. ఆ రోజునుంచి ఆ పెద్దావిడ కోసం పెట్టుకున్నాను. అప్పటినుంచి అది ఊడలేదు.

కారు మంచిర్యాల దాటాక గుమాస్తాకు ఫోన్ చేశాను. "పెద్దమ్మ ఏమంటుంది?"

"నీళ్ళు సల్లగైతున్నయంటుంది. నన్ను కుంకుడుకాయలు తెమ్మన్నది."

"తెచ్చినవా?"

"తెస్తే తానం షురూ చేస్తరు గద చిన్నమేడం. దొరుకుత లేవని తిరుగుతున్న. మూడు షాపులు తిరిగిన, మూడిట్ల ఉన్నయ్. నాలుగోది చూడబోతున్న." ముప్పై ఏళ్ళు కోర్టులో వాయిదాలు అడిగిన మనిషి. వాయిదా వేయించడం ఆయనకు నేర్పాలా! ఏడుస్తూనే నవ్వాను.

ఈ పెద్దమ్మ గురించి చెప్పాలి. మేడంకు సొంత అక్క. పిల్లలు లేరు. మొగుడు పోయాక జమ్మికుంట నుంచి చెల్లె ఇంటికి వచ్చింది. అప్పటికే మేడం భర్త కూడా పోయి చాలా ఏళ్ళు. కోర్టులో ఎంత పెద్ద వకీలైనా ఇంట్లో మేడం చెల్లెలే. మడి, మైల, అమావాస్య, అన్నీ పెద్దమ్మ చెప్పినట్టే. మొగుడు పోయిన ఆడది పూలు పెట్టుకోవద్దంటే వద్దంతే. ఇంటి వెనకాల కుండీల్లో పెద్దమ్మ మొక్కలు పెంచేది. తులసి, మల్లె, మరువం. వాటి జోలికి ఎవరైనా పోతే ఊరుకునేది కాదు. "నా మరువం మీద ఏ పిల్లి పడుతుందో ఏమొ, రోజొక రెమ్మ మాయం" అని గొణుగుతుండేది. మేడం పేపర్ మొహానికి అడ్డం పెట్టుకొని చదువుతూ ఉండేవారు.

ఆ పిల్లి ఎవరో నాకు ఎట్లా తెలిసిందంటే, ఒక వానాకాలం మేడం కోర్టు మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. కట్టు కట్టారు. కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండమని అందరం చెప్పాం. "చెయ్యి ఇరిగితే నోరు ఇరిగిందా?" అన్నారు. కానీ ఒంటి చేత్తో ముడి రాదు. అక్కకు ఈ కోర్టు ముడి రాదు, వచ్చినా ఆమెతో పెట్టించుకోవడం మేడంకు ఇష్టం లేదు, ఎందుకో తర్వాత తెలిసింది. "పొద్దుగాల జర వచ్చిపో బిడ్డా" అన్నారు.

మొదటి పొద్దు గది తలుపు తీసేసరికి మేడం జుట్టు విప్పుకొని కిటికీ దగ్గర కూర్చొని ఉన్నారు. ఎన్నో ఏళ్ళు పక్కన పనిచేశాను, ఆ జుట్టు విప్పి ఉండగా అదే మొదటిసారి చూడడం. నడుము కిందికి ఉంది. నలుపూ తెలుపూ కలిసి, దువ్వుతుంటే చేతిలోంచి నీళ్ళలా జారింది. నాకు ఎందుకో సిగ్గేసింది. నేర్పిన మనిషికి నేను పెట్టడం. చివరి కొస లోపలికి తోయబోతుంటే, "ఆగు" అన్నారు. ఎడమ చేతి గుప్పిట తెరిచారు. అందులో ఒక మరువం రెమ్మ.

"లోపల పెట్టి ముయ్యి" అన్నారు.

"కనబడదు గద మేడం?"

"ఎవలకు కనబడాలె? వాసన నాకొస్తే సాలు." ఆ రెమ్మను ఇంకోసారి వాసన చూసి, "ఆయన ఉన్నప్పుడు తెచ్చెటోడు. సంతకు పోతే కూరగాయలు మర్చిపోయి మరువం తెచ్చెటోడు" అన్నారు. ఆమె భర్త గురించి నేను విన్నది అంతే.

"పెద్దమ్మకు తెలిస్తే?"

"తెలిస్తే కుండీలన్ని ఎత్తి బజార్ల పారేస్తది. సప్పుడు చెయ్యకు" అని చిన్నపిల్లలా నవ్వారు. ఏ జడ్జిగారి ముందు నిలబడ్డా ఫికర్ చేయని మనిషి అక్కకు భయపడేవారు. చెయ్యి బాగయ్యి కట్టు విప్పే ముందు రోజు, ముడి బిగించాక తడిమి చూసుకొని, నేను మొదట చెప్పిన ఆ మాట అడిగారు. పోయిననాడు నువ్వే పెట్టాలె అని. అటు తర్వాత నేను ఆసిఫాబాద్‌లో సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్నాను. ఎప్పుడు కరీంనగర్ వెళ్ళినా ఆమె మొదట నా మొహం చూసేవారు కాదు, వెనక్కి తిరగమని నా ముడి చూసేవారు.

గోదావరి వంతెన దాటి, పెద్దపల్లి దాటి, ఇంటి ముందు దిగేసరికి వాకిలంతా నల్లకోట్లు. లోపల స్నానం అయిపోయింది. గుమాస్తా నన్ను చూసి, "ఐదో షాపుకు పోతుంటే పెద్దమ్మ పక్కింట్ల కుంకుడుకాయలు అడుక్కొచ్చింది" అని తల దించుకున్నాడు.

మేడంను తెల్ల చీరలో చాప మీద పడుకోబెట్టారు. తడి జుట్టు విప్పి, చాప మీద పరిచినట్టు వదిలేశారు. నిద్రలో ఉన్న ఇంకెవరో అనిపించింది. నేను తల దగ్గర కూర్చొని చెయ్యి వేశాను.

"ముట్టుకోకు" అన్నది పెద్దమ్మ. గోడకు ఆనుకొని కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం ఎప్పటిదే.

"పెద్దమ్మా, ముడి పెడ్త. మేడం నన్ను అడిగింది."

"ఏం ముడి? ఒంటి మీద ఇనుప ముక్క ఉండొద్దు. పిన్నులు పెట్టి కాష్టం ఎక్కిస్తరా ఎవలన్న? పిన్నుల్లేంది కొప్పు నిలుస్తదా? గట్లనే ఇడిసిపెట్టు."

"ఇడిసిపెడితే ఆమె ఇల్లు దాటదు పెద్దమ్మా" అన్నాను. గొంతు పెద్దదైంది. చుట్టాలు ఇటు చూశారు. ఎన్నో కోర్టుల్లో వాదించాను, అంత భయం ఎక్కడా వేయలేదు. ఎందుకంటే అక్కడ ఓడితే పై కోర్టు ఉంటుంది. "పిన్ను పెట్టను. ఒక్కటి సుత పెట్టను. నిలవకుంటే నువ్వే ఇప్పెయ్యి. జర ఒక్కసారి పెట్టనియ్యి."

ఆమె అవునని అనలేదు, కాదని అనలేదు. నేను ఆ మౌనాన్ని అనుమతి అనుకున్నాను. వకీళ్ళకు ఆ అలవాటు ఉంటుంది.

తల ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను. బరువుగా ఉంది. చేతులు తడి చేసుకోవాల్సిన పని లేదు, జుట్టు తడిగానే ఉంది. వెనక్కి దువ్వాను. మెడ కుదురు దగ్గర పిడికిట పట్టాను. మెలి తిప్పుతుంటే జుట్టు ఎప్పటిలాగే ఒక దగ్గర తనంతట తానే చుట్టుకోవడం మొదలుపెట్టింది. దానికి తెలుసు. నా చెయ్యి దాని వెంబడి పోయింది. కన్నీళ్ళకు ఏమీ కనిపించలేదు, కనిపించాల్సిన పనీ లేదు. చుట్టూ తిప్పి, కొసను అడుగు నుంచి దూర్చి, నడిమధ్యలోంచి లాగాను. మేడం మళ్ళీ మేడంలా కనిపించారు. గుమ్మంలో నిలబడ్డ టైపిస్టులు ఒక్కసారిగా ఏడ్చారు.

పెద్దమ్మ లేచింది. విప్పేస్తుందేమోనని నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆమె ఇటు రాలేదు. పెరట్లోకి వెళ్ళింది. తిరిగి వచ్చి నా పక్కన కూలబడి, గుప్పిట నా చేతిలో పెట్టి మూసింది. వాసనకే తెలిసింది.

"గిది మర్సిపోయినవ్" అన్నది.

నేను ఆమె మొహంలోకి చూశాను. "నీకెరికేనా పెద్దమ్మా?"

"రోజు నీళ్ళు పోసేది నేను గాదా? తెంపిన రెమ్మ నాకు కనబడదా?" అన్నది. "పోయిన ఎండాకాలం సుత ఆ చెట్టు ఎండిపోకుండ ఎట్ల కాపాడిననో నాకే ఎరిక. లోపల పెట్టి ముయ్యి. పైకి కనబడనియ్యకు. సుట్టాలు చూస్తున్నరు."

నేను రెమ్మను చుట్ల మధ్యలో పెట్టి, కొసను లోపలికి తోసి బిగించాను.

పాడె కట్టినాయన లోపలికి వచ్చాడు. నడుముకు తువ్వాల చుట్టుకొని, తన పని తాను చేసుకుపోయే మనిషి. వంగి మేడం చేతులూ మెడా చూసి, ముడి చూసి ఆగాడు. "అమ్మా, నెత్తిల పిన్నులేమన్న ఉన్నయా? ఉంటే తియ్యుండ్రి" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ అన్నది, "ఒక్కటి లేదు. చూస్కో."

అతను వత్తి చూశాడు. తల ఊపి, పక్కవాళ్ళను పిలిచాడు. మూడు గంటలకు లేపారు. గడప దాటేటప్పుడు ఒకాయన కాలు తడబడి పాడె ఒక పక్కకు ఒరిగింది. అందరం అయ్యో అన్నాం. మేడం తల ఇటు తిరిగింది, మళ్ళీ సర్దారు. ముడి కదల్లేదు. నేను వాకిట్లో నల్లకోట్ల మధ్య నిలబడి, అది మలుపు తిరిగేదాకా చూశాను. కన్నీళ్ళు తుడుచుకుందామని చేతులు మొహం దగ్గరికి తెస్తే మరువం వాసన వచ్చింది. తుడుచుకోకుండా అట్లాగే పట్టుకొని నిలబడ్డాను.